గోదావరి సీమలో గడప దాటిన మాత్ర

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టా అన్నపూర్ణగా పేరు గాంచెను. ఆ పచ్చని పొలముల నడుమనే బోదకాలు తరతరములుగా జనులను పీడించెను. దోమకాటు వలన సంక్రమించు ఈ వ్యాధి ప్రాణము తీయుట అరుదు. కాని కష్టజీవిని మూలన కూర్చుండబెట్టును.

దీనికి మందు నిచ్చిన పరిశోధనలకు ఆధ్వర్యము వహించినవారు ఈ సీమవారే. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడపుచుండగా, 1947లో డైఇథైల్‌కార్బమజీన్ గుణము లోకమునకు వెల్లడియైనది. రోగి ఆ మాత్రలను పండ్రెండు దినములు మ్రింగవలసి యుండెను. ఇంటికి చేరిన మాత్రలలో నోటికి చేరిన వెన్నియో ఇచ్చినవారి కెట్లు తెలియును? 2004లో దేశమంతట చేపట్టిన సామూహిక ఔషధ వితరణలో ఏటికొకసారి మందిచ్చుచు, కార్యకర్త యెదుటనే మ్రింగించుట మేలని నిర్ణయించిరి.

అప్పటికే వ్యాధుల తీరు మారియుండెను. 2003-04లో బైర్రాజు ఫౌండేషన్, జార్జి ఇన్‌స్టిట్యూట్ మున్నగు సంస్థలు ఉభయ గోదావరి జిల్లాలలో 45 గ్రామములను పరిశీలించెను. సుమారు 1,80,000 జనాభాలో సంభవించిన 1,354 మరణములకు కారణములను ఆరోగ్య కార్యకర్తలు ఇంటింట విచారించిరి. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలననే; అంటువ్యాధుల వాటా 12 మాత్రమే.

రక్తపోటునకు మాత్ర పండ్రెండు దినములతో తీరునది కాదు. సాధారణముగా జీవితాంతము ప్రతిదినము మ్రింగవలెను. నొప్పి లేని జబ్బు కనుక మరపు సులభము. రోజూ కార్యకర్త యెదుట నిలువజాలదు.

ఈ చిక్కు తీర్చుటకు నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, 54 గ్రామములలో ‘స్మార్ట్‌హెల్త్’ ప్రయోగము జరిగెను. మన యిండ్లలో టాబ్లెట్ అనగా మాత్ర. ఇచట ఆశా కార్యకర్త చేతనున్న టాబ్లెట్ పలకవంటి కంప్యూటరు. నలుబది యేండ్లు, ఆపై వయసు గలవారి రక్తపోటు కొలిచి వివరములు నింపినచో, గుండెజబ్బు ముప్పు ఎంతయో తెర తెలుపును. వైద్యునకు తగిన చికిత్స సూచించును.

2019లో ఫలితములు ప్రకటితమైనవి. రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో, ఈ సాధనము అందక పూర్వమునకును అందిన తరువాతకును గణనీయమైన భేదము కనబడలేదు.

ఇందువలన యంత్రము వ్యర్థమనుట తగదు. ముప్పున్నవారిని వారి గడపయందే గుర్తించుట చిన్న పని కాదు. అయితే తెర సూచించిన మందు ఊరికి చేరువలో దొరకవలెను, వ్రాయుటకు వైద్యుడుండవలెను, రాత్రి భోజనమైన పిదప “మాత్ర వేసుకొంటివా?” యని అడుగువారు ఇంట నుండవలెను. సుబ్బారావుగారి నాటికి కొరత మందునకు. నేటి కొరత ఆ మందును దినదినము రోగి నోటికి చేర్చు ఏర్పాటునకు.