పాత పిస్తోలు – ప్రస్తుత చట్టం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల చారిత్రక నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాతకాలపు పిస్తోలును సేకరణ కోసం కొనే వ్యక్తికి భారతదేశంలో ప్రధానంగా రెండు చట్టాలు వర్తిస్తాయి. ఒకటి దానిని ఆయుధంగా, మరొకటి పురావస్తువుగా పరిగణిస్తుంది. దత్తమండలాలలో జరిగిన నిరాయుధీకరణ మొదలుకొని 2020 నాటి నియమ సవరణ వరకు ఈ శాసనాల పరిణామాన్ని పరిశీలించి, వయస్సు ఒక్కటే ఆయుధాన్ని చట్టపరిధి నుండి తప్పించలేదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దత్తమండలాలు, పాళెగాళ్లు, ఆయుధచట్టం, పురావస్తువు, క్యూరియో, లైసెన్సు.

1. ఉపోద్ఘాతం:
ఆయుధ చరిత్రను సాధారణంగా యుద్ధాల చరిత్రలో భాగంగా చదువుతారు. యుద్ధం ముగిసిన తరువాత ఆ ఆయుధం ఎవరి చేతిలో మిగిలింది, ఏ హక్కుతో మిగిలింది అన్న ప్రశ్న శాసన చరిత్రకు సంబంధించినది. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలు ఈ ప్రశ్నను పరిశీలించడానికి అనువైనవి. విజయనగర రాజ్యం, మైసూరు సుల్తానులు, నిజాం, ఈస్టిండియా కంపెనీ వరుసగా ఏలిన ఈ నేలపై కోటలు, పాళెపట్లు, కట్టుబడి బంట్రోతులు ఒకప్పుడు నిత్యజీవితంలో భాగం. అటువంటి చోట పాత తుపాకి గాని, పిస్తోలు గాని ఇంటి అటక మీద కనిపించినా, అమ్మకానికి వచ్చినా ఆశ్చర్యపడనక్కరలేదు. దానిని కొనవచ్చునా అన్నదే ఇక్కడి చర్చ.

2. కోటల కాలం నుండి దత్తమండలాల వరకు:
1520లో రాయచూరు ముట్టడిలో పోర్చుగీసు తుపాకీదారులు శ్రీకృష్ణదేవరాయలకు తోడ్పడ్డారు. దక్కనులో చేతితుపాకి ప్రాధాన్యం పెరుగుతున్న దశ అది. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు మారింది. వత్తితో మందు అంటించే తుపాకులూ, ఆపై చెకుముకిరాయి తుపాకులూ క్రమంగా పాళెగాళ్ల బలగాలకు చేరాయి. టిప్పు సుల్తాను కర్మాగారాలలో తయారైన తుపాకులు, పిస్తోళ్లు పులి చారల అలంకరణతో నేటికీ సేకరణకర్తలను ఆకర్షిస్తున్నాయి.

1792, 1799 సంవత్సరాలలో టిప్పు రాజ్యం నుండి తనకు లభించిన భూభాగాలను నిజాం 1800లో కంపెనీకి ఇచ్చివేశాడు. అవే దత్తమండలాలు. 1800 నుండి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రోకు ఎదురైన మొదటి సమస్య ఇక్కడి సుమారు 80 మంది పాళెగాళ్లు. సైన్యం సహాయంతో వారి బలగాలను చెదరగొట్టి, కొందరిని తొలగించి, కొందరికి భృతి ఏర్పరచి, శిస్తు వసూలును కంపెనీ నేరుగా చేపట్టింది. ఆయుధం ధరించడం అంతవరకు హోదాకు, కొలువుకు గుర్తు. ఆ తరువాత అది ప్రభుత్వం సందేహించవలసిన విషయమైంది. భావనలో వచ్చిన ఈ మార్పే తరువాతి శాసనాలన్నింటికీ పునాది.

3. వలసపాలనలో ఆయుధ శాసనాలు:
1857 తిరుగుబాటు కాలంలోనే ఆయుధాల దిగుమతి, తయారీ, విక్రయాలపై ఒక చట్టం వచ్చింది. 1860లో మరొకటి, 1878లో లిట్టన్ ప్రభుత్వం హయాంలో సమగ్రమైన ఆయుధచట్టం వచ్చాయి. లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉండడం దీనితో నేరమైంది. 1882లో బళ్లారి నుండి విడివడి అనంతపురం జిల్లా ఏర్పడినప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తాలూకాలు ఈ చట్టం కిందనే ఉన్నాయి.

1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టాన్ని సడలించమని కోరింది. 1931 కరాచీ తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చింది. అయితే 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ ఆ హక్కు కోసం ప్రతిపాదించిన సవరణను డాక్టర్ అంబేద్కర్ వ్యతిరేకించగా అది వీగిపోయింది. కనుక స్వతంత్ర భారతంలోనూ తుపాకి కలిగి ఉండడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాలేదు. చట్టం ఇచ్చే అనుమతిగానే మిగిలింది.

4. 1959 చట్టం – మూడు అంచెలు:
1959 ఆయుధచట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. పాత పిస్తోలు విషయంలో ఈ చట్టాన్ని, దాని కింది నియమాలను కలిపి చదివితే మూడు అంచెలు కనిపిస్తాయి.

మొదటిది 45వ సెక్షనులోని మినహాయింపు. వాడుక తప్పిన నమూనాకు చెందినదైనా, పురాతన విలువ గలదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా ఉపయోగపడని ఆయుధానికి ఈ చట్టం వర్తించదు. ఇక్కడ గమనించవలసిన మాట ‘మరమ్మతు చేసినా’ అన్నది. తుప్పుపట్టి నేడు పేలకపోవడం చాలదు. బాగుచేసినా పేలని స్థితిలో ఉండాలి. గుర్రం విరిగిన చెకుముకి పిస్తోలుకు కొత్త గుర్రం అమర్చి కాల్చగలిగితే ఈ మినహాయింపు దానికి వర్తించదు. పైగా ఆయుధాల మరమ్మతు వ్యాపారానికి 5వ సెక్షను ప్రకారం ప్రత్యేక లైసెన్సు ఉండాలి.

రెండవది క్యూరియో వర్గం. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ సవరించిన నియమాల ప్రకారం, ఈ వర్గానికి చెందిన చిన్న ఆయుధాలను పొందడానికీ, కలిగి ఉండడానికీ భారత పౌరులకు లైసెన్సు అవసరం లేదు. వాటిని ఉపయోగించాలన్నా, వెంట తీసుకుపోవాలన్నా, రవాణా చేయాలన్నా లైసెన్సు తప్పనిసరి. లైసెన్సులో ఆ ఆయుధం నమోదు కాకపోతే దానికి తూటాలు, మందు అమ్మరాదు.

మూడవది మామూలు తుపాకి. పై రెండింటిలోకి రాని ఏ పిస్తోలుకైనా, ఎన్నేళ్లనాటిదైనా, 3వ సెక్షను ప్రకారం లైసెన్సు ఉండాలి. 2019 సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించింది. వంశపారంపర్యంగా వచ్చినవాటికీ ఇదే పరిమితి. లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉంటే రెండు నుండి ఐదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి.

5. కొనుగోలు – ఆచరణలో చిక్కు:
లైసెన్సు గల వ్యక్తి తన సొంత తుపాకిని అర్హుడైన మరొకరికి అమ్మదలచినప్పుడు జిల్లా మేజిస్ట్రేటుకు గాని, సమీప పోలీసుస్టేషను అధికారికి గాని లిఖితపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. లైసెన్సుదారు మరణిస్తే వారసులు ఆయుధాన్ని జాప్యం లేకుండా పోలీసుస్టేషనులో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని అప్పగించాలి. తరువాత అర్హత సంపాదించి తిరిగి తీసుకోవచ్చు, లేదా అమ్మవచ్చు.

క్యూరియో విషయంలో చిక్కు మరొక రకమైనది. ధర్మవరంలో ఒక కుటుంబం వద్ద ఉన్న పిస్తోలును హిందూపురంలోని సేకరణకర్త కొన్నాడనుకుందాం. కొనడానికి లైసెన్సు అక్కరలేదు. ఇంట ఉంచుకోవడానికీ అక్కరలేదు. ధర్మవరం నుండి హిందూపురానికి తేవడానికి మాత్రం కావాలి. ఆ దారి మధ్యలో అది అలంకరణ వస్తువు కాదు, ఆయుధమే. నియమంలోని సడలింపును మాత్రమే విని బయలుదేరినవాడు నేరస్థుడయ్యే అవకాశం ఇక్కడ ఉంది.

6. పురావస్తువుగా పిస్తోలు:
1972 పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక విలువ గల వస్తువు నూరేళ్లు దాటితే పురావస్తువు అవుతుంది. అటువంటి వస్తువుల విక్రయాన్ని వ్యాపారంగా చేయడానికి లైసెన్సు ఉండాలి. కేంద్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప ఇతరులు వాటిని విదేశాలకు పంపరాదు. 2023 మే నెలలో లండన్ వేలంలో టిప్పు ఖడ్గం 1.4 కోట్ల పౌండ్లకు పైగా ధర పలికిన నేపథ్యంలో ఈ నిషేధం ప్రాధాన్యం స్పష్టమవుతుంది.

పెనుకొండ వంటి కోట ఊళ్లలో పునాదులు తవ్వేటప్పుడు పిస్తోలు దొరికితే మూడవ శాసనం కూడా వర్తిస్తుంది. అది ఆయుధచట్టం వచ్చిన 1878లోనే వచ్చిన నిక్షేప చట్టం. భూమిలో దాగి, పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు దొరికినవాడు కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. తెలపకుండా అమ్మేవాడి వద్ద కొనడం క్షేమం కాదు.

ఈ చట్టాల మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఒక వస్తువు పురావస్తువా కాదా అన్న వివాదాన్ని తేల్చే అధికారం 1972 చట్టం భారత పురావస్తు సర్వేక్షణ డైరెక్టర్ జనరలుకు అప్పగించింది. ఆయుధచట్టం 45వ సెక్షను మాత్రం పిస్తోలు మరమ్మతుకు కూడా పనికిరానిదని ఎవరు నిర్ణయించాలో పేర్కొనలేదు. వయస్సు తేల్చడానికి నిపుణుడున్నాడు. ప్రాణం పోయిందని ధ్రువీకరించడానికి ఆ సెక్షనులో ఎవరూ లేరు. కేసు నమోదైన తరువాత నిపుణుల పరీక్షతో న్యాయస్థానంలో ఆ ప్రశ్న తేలవలసి వస్తుంది.

7. ముగింపు:
మన్రో కాలంలో ఆయుధం పాళెగాని అధికారానికి చిహ్నం కనుక ప్రభుత్వం దానిని తొలగించింది. నేడు అదే ఆయుధం చరిత్రకు ఆధారం కనుక నిలుపుకోవలసి ఉంది. శాసనం రెండు పనులనూ ఒకేసారి చేయబూనడం వల్ల సేకరణకర్త రెండు ప్రశ్నలకు ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి: ఇది ఎన్నేళ్లనాటిది? ఇది ఇంకా పేలగలదా? అమ్మేవాని హక్కుపత్రాలు, ఆయుధ స్థితిపై నిపుణుని లిఖిత నివేదిక, లైసెన్సు అధికారి అయిన జిల్లా మేజిస్ట్రేటు నుండి రవాణాకు అనుమతి సమకూరిన తరువాతనే ధర మాట్లాడుకోవడం మేలు. కొనుగోలుకు ముందే ఆయుధ స్థితిని ధ్రువీకరించే ఏర్పాటు జిల్లా స్థాయిలో ఉంటే, భయంతో పాత ఇనుము కింద కరిగిపోయే అవకాశమున్న వస్తువులు మ్యూజియాలకు, పరిశోధకులకు దక్కుతాయి. దత్తమండలాల చరిత్రలో లిఖిత పత్రాలు చెప్పని విషయాలను చెప్పగల సాక్ష్యాలలో అవి కూడా ఉన్నాయి.