పత్తి అప్పు, ఇజ్జత్, 421 జీవో

అన్నలారా, ఈసారి కొంచెం పాత సంగతి. 1997-98 పత్తి పంట. అప్పటి వరంగల్ జిల్లా పెద్దోళ్లకు ఆ ఏడు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, పిల్లలకే తెల్వాలె.

లద్దె పురుగు పడ్డది. ఎన్ని మందులు కొట్టినా చావలే. పత్తి చేసిన రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నరు. పురుగు సంగతి అందరూ రాసిన్రు, నేను అప్పు సంగతి చెప్త. బ్యాంకు అప్పు అందనోళ్లకు విత్తనం, ఎరువు, మందు ఉద్దెర ఇచ్చింది దుకాణందారే. ఏ మందు కొట్టాలో చెప్పిందీ ఆయనే. చాలాచోట్ల పత్తి కొన్నదీ ఆయనే. లెక్కంతా ఒక చిట్టీ మీద.

అప్పులు మన తాతలకూ ఉండె. కానీ కరువుకు జొన్న పోతే ఊరంతా పోయిందనుకునేటోళ్లు. పత్తికి వచ్చేసరికి పక్కోనికి నాలుగు క్వింటాళ్లు ఎక్కువ ఎల్తే చాలు, 'వీనికి ఎవుసం చేతగాలే' అన్నరు. అన్నది ఎవరో కాదు, మనమే. అప్పులోడు వాకిట్ల నిలబడి అడిగితే వాడకట్టంతా వింటది. ఇజ్జత్ పోతదని భార్యకు కూడా అసలు లెక్క చెప్పనోళ్లు ఎందరో.

మనిషి పోయినంక కూడా దాచుడే. అప్పట్ల ఆత్మహత్యాయత్నం నేరం, 309 సెక్షన్. పోలీసు కేసంటే భయం, ఆడపిల్లకు సంబంధాలు రావని ఇంకో భయం. అందుకే కడుపునొప్పి తట్టుకోలేక అని రాయించిన ఇళ్లు ఉన్నయి.

2004 జూన్‌ల 421 జీవో వచ్చింది. కుటుంబానికి లక్ష, అప్పులు తీర్చనీకి 50 వేలు. మంచిదే. కానీ రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల కమిటీ విచారణ చేసి, అప్పుల వల్లనే పోయిండని తేల్చాలె. చూడుండ్రి, ఆయన ఎవరికీ తెల్వొద్దని దాచిన అప్పును ఇప్పుడు ఆమె నలుగురిలో రుజువు చెయ్యాలె! చిట్టీ అప్పుకు కాగితం ఏది? కడుపునొప్పి అని రాయించిన కాగితమే ఆమెకు అడ్డం. నోటిమాట మీద కౌలు చేసినాయనకు భూమి కాగితం లేదు. చేన్ల సగం పని చేసిన ఆడమనిషి పోతే, పట్టా ఆమె పేర లేదు కాబట్టి ఆమె రైతే కాదన్నరు.

2017 చట్టం వచ్చినంక, ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్తునిగా కాదు, తీవ్రమైన ఒత్తిడిల ఉన్న మనిషిగా చూడాలె. 2022ల టెలి మానస్ పెట్టిన్రు. 14416కు ఎప్పుడు చేసినా పైసలు పడవు, తెలుగుల మాట్లాడతరు. మీ ఫోన్ల పెట్టుకోండి, ఇంట్ల ఆడోళ్ల ఫోన్ల కూడా.

2018ల రైతు బీమా వచ్చింది, 5 లక్షలు. ఎట్ల పోయిండని అడగరు, అప్పు రుజువు అడగరు. నిజంగ పెద్ద మార్పు. కాకపోతే పట్టా ఉన్నోళ్లకే. మా పక్క చేను కౌలుకు చేసేటాయనను ఇందుల రాయించనీకి పోతే, మొదటి మాటే పాసుబుక్కు తెచ్చినవా అన్నరు.