కుడితి గోలెం చేసిన పని

జయంతికో వర్ధంతికో వారం ముందు సంపాదకుల నుంచి ఫోన్ రావడం మామూలే. ఈసారి జయంతి మనిషిది కాదు, మరది. వంటింటి చెత్తను అక్కడికక్కడే నలిపి, నీళ్లలో కలిపి కాలవలోకి తోసే యంత్రానికి 2027తో నూరేళ్లు. అమెరికాలో ఉన్న మనవాళ్లు దాన్ని ‘డిస్పోజల్’ అంటారు. మా తిరుమలాయపాలెంలో అది బిగించుకున్న ఇల్లు నా ఎరుకలో లేదు. అది చేసే పనిని చేసినవాళ్లు మాత్రం ఇక్కడ ఇంటింటికీ ఉండేవాళ్లు. వాళ్లకు రెండు కొమ్ములు, ఒక తోక.

మొదటి నుంచీ చెప్పాలంటే బూడిద దిబ్బల దగ్గరికి వెళ్లాలి. పాలమూరు వైపు ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వించిన దిబ్బ నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. పేడ పేరుకోవడం, దాన్ని కాల్చడం, మళ్లీ పేరుకోవడం. పొర మీద పొర. నాలుగు వేల ఏళ్ల పైమాటే. అక్కడి నుంచి కాకతీయుల దాకా ఒక్క గెంతు గెంతక తప్పదు. రాజులు శాసనాల్లో చెరువులు రాయించారు, మాన్యాలు రాయించారు. అంట్లు తోమిన నీళ్లు ఎటు పోయాయో రాయించలేదు. క్రీడాభిరామం ఓరుగల్లు పూటకూళ్లింటి భోజనాన్ని నోరూరేలా వర్ణిస్తుంది. తిన్నాక మిగిలిన ఎంగిలి సంగతి మనమే ఊహించుకోవాలి. కవులు విస్తరి ముందు కూర్చున్నవాళ్లు, ఎత్తినవాళ్లు కాదు. కుతుబ్‌షాహీలను, నిజాములను కూడా ఇదే వేగంతో దాటేద్దాం. ఈ విషయంలో వాళ్లు మనల్ని ఆపేదేమీ లేదు.

ఇన్ని శతాబ్దాలూ పల్లె ఇంట్లో చెత్తబుట్ట లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, సొరకాయ చెక్కు, పులిసిపోయిన పప్పు అన్నీ కుడితి గోలెంలోకే. గుప్పెడు తవుడు కలిపితే బర్రె మూతి ఎత్తకుండా తాగేది. మెతుకులు కోళ్లకు, ఎముకలు కుక్కకు, పొయ్యిలో బూడిద అంట్లకు. ఎవరూ తినలేనిది పెంటకుప్ప మీదికి. అక్కడ పేడతో కలిసి మాగి, ఎండాకాలంలో బండ్లకెక్కి, మిరపచేలకు చేరేది. దీన్ని స్వర్ణయుగం అనబోవడం లేదు. గోలెం చుట్టూ దోమలుండేవి, కుప్ప మీద ఈగలుండేవి. వానాకాలంలో ఆ పక్కనుంచి నడవడం ఒక విద్య. పేడ ఎత్తే పని ఆడవాళ్లదీ జీతగాళ్లదీ. ఆ రోజుల మీద బెంగ పెట్టుకున్న మగవాళ్లలో ఆ గంప మోసినవాళ్లు తక్కువ.

ఇక నాకిష్టమైన చోటికి వచ్చేద్దాం. విస్కాన్సిన్ రాష్ట్రంలో రసీన్ అనే ఊరు. 1927లో అక్కడ జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు సింకు కింద మోటారు పెట్టి చెత్త నలిపే మర తయారుచేశాడు. 1935లో పేటెంటు వచ్చింది. 1938లో ఇన్‌సింకరేటర్ కంపెనీ మొదలైంది. మర లోపల మిక్సీలో ఉన్నట్టు బ్లేడ్లుంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. గిర్రున తిరిగే పళ్లెం మీద కదిలే ఇనప ముక్కలు రెండుంటాయి. అవి చెత్తను చుట్టూ ఉన్న గరుకు కంకణానికేసి కొడతాయి. నలిగిన పిప్పి నీళ్లతో కిందికి జారుతుంది. అంతే సంగతి. కానీ అప్పట్లో చాలా నగరాల్లో తిండి చెత్తను మురుగు కాలవలో కలపడం నేరం. మర ఉన్నా ఆన్ చేసే హక్కు లేదు.

అప్పటిదాకా అమెరికా చిన్న ఊళ్లలో ఎంగిలి తిన్నదెవరు? పందులు. ఇంటింటా పోగుచేసిన తిండి చెత్త ఊరి బయట పందుల దొడ్లకు పోయేది. ఇండియానా రాష్ట్రంలోని జాస్పర్ అనే చిన్న ఊళ్లోనూ అదే పద్ధతి. అక్కడ పందులకు కలరా తగిలింది. మేయర్ హెర్బర్ట్ థైన్‌కు ఒక ఆలోచన తట్టింది. ఎంగిలి బండినే ఎత్తేసి, ఇంటింటికీ మర పెట్టిస్తే? టోకున కొంటే చవకగా వస్తాయని జనాన్ని ఒప్పించాడు. 1950లో ఆ ఊరు తిండి చెత్త సేకరించడం మానేసింది. ఒక ఊరు ఊరంతా సింకును నమ్ముకోవడం చరిత్రలో అదే మొదలంటారు. మేయర్లు రోడ్లు వేయిస్తారు, విగ్రహాలు నిలబెడతారు. ఇంటింటి సింకు కిందికీ తొంగిచూసిన మేయరంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

రెండేళ్లు తిరక్కుండానే మరకు ఇంకో మేలు జరిగింది. కాలిఫోర్నియా నుంచి వచ్చే రైళ్ల భోజనశాలల్లో మిగిలిన తిండిని వ్యోమింగ్‌లోని చెయెన్ దగ్గర పందులకు పెట్టారు. దాంట్లో పచ్చి పందిమాంసం తునకలు. వాటితోపాటు ఒక బొబ్బల రోగం కూడా వచ్చింది. 1952 వేసవిలో అక్కడి నుంచి నెబ్రాస్కాకు పోయిన పందులతో రోగం బయటపడి, చూస్తుండగానే నలభై దాకా రాష్ట్రాలకు పాకింది. ఇక ఉడకబెట్టకుండా ఎంగిలి పెట్టకూడదని రాష్ట్రాలు వరసగా చట్టాలు చేశాయి. ఉడకబెట్టే ఖర్చు లెక్కేసుకున్న రైతు మొక్కజొన్నే మేలనుకున్నాడు. పంది కొలువు ఊడింది, ఆ కొలువులో మర కుదురుకుంది.

ఇక్కడితో కథ ఆపేస్తే ఎంత బాగుండేది. తర్వాత అంతా కలగాపులగమే. న్యూయార్క్ తన కాలవలకు భయపడి చాలా ప్రాంతాల్లో మరను నిషేధించింది. 21 నెలలు పరీక్షించి 1997లో సరేనంది. ఉత్తర కరొలైనాలోని రాలీ 2008లో కొత్త మరలు వద్దంది, జనం గోల పెడితే నెల తిరక్కుండానే వెనక్కి తగ్గింది. ఆ రాలీ చుట్టుపక్కల తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. మన వంటింటి సంగతి హామ్స్ ఊహించి ఉండడు. మునక్కాయ పిప్పి, చింతపండు పీచు, కరివేపాకు ఈనెలు, ఉల్లిపొట్టు లోపల చుట్టుకుంటాయి. మామిడి టెంక పడితే మర మొరాయిస్తుంది. అన్నం గొట్టంలో ఉబ్బి కూర్చుంటుంది. నూనె పోయనే కూడదు. పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు వేణ్నీళ్లు వదిలితే మంచిదనుకుంటారు. వదలాల్సింది చన్నీళ్లే. వేడికి కరిగిన కొవ్వు ముందుకు పోయి, చల్లారిన చోట గొట్టానికి పడుతుంది. చప్పుడు ఆగాక కూడా కాసేపు నీళ్లు పారనివ్వాలి. మర బిగుసుకుంటే ముందు స్విచ్చి ఆపి, అడుగున ఉన్న కన్నంలో తాళం పెట్టి అటూ ఇటూ తిప్పి, ఎర్ర బటన్ నొక్కాలి. చెయ్యి మాత్రం పెట్టకూడదు.

ఇటు మన ఊళ్లలో బర్రెలు తగ్గాయి, పాలు ప్యాకెట్లలోకి వచ్చాయి, గోలేలు పగిలాయి. చెత్తలోకి కవర్లు చేరాక మిగిలిన పశువుకు పెట్టడమూ ప్రమాదమే. మనకు దగ్గరి సూర్యాపేట 2003 ప్రాంతంలో మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో కుండీలు తీసేసి, తడి పొడి చెత్తలను ఇంటింటా వేరుగా తీసుకుని, వానపాములతో ఎరువు చేయించింది. చూసిపోవడానికి ఎక్కడెక్కడి అధికారులో వచ్చారు. తర్వాత 2019లో పల్లె ప్రగతి కార్యక్రమం వచ్చింది. పంచాయతీకో ట్రాక్టరు, ట్రాలీ, డంపింగ్ యార్డు, ఎరువు షెడ్డు. ట్రాక్టరు తిరుగుతోంది. రెండు బకెట్లు పెట్టుకున్న ఇల్లుంది, అన్నీ ఒకే కవర్లో కట్టి విసిరే ఇల్లూ ఉంది. షెడ్డులో ఎరువు తయారయ్యే ఊరుంది, తాళం తుప్పు పట్టిన ఊరూ ఉంది. దీన్ని ఒక వరసలో పెట్టి చెప్పడం నా వల్ల కాదు.

హైదరాబాద్ ఫ్లాట్లలో అక్కడక్కడా ఈ మర కనిపిస్తోంది. ఊళ్లో కొత్త ఇల్లు కట్టేవాళ్లు కూడా అడుగుతున్నారు కాబట్టి నాలుగు మాటలు. సింకు నీళ్లు ఎటు పోతాయో ముందు చూసుకోవాలి. మురుగు శుద్ధి చేసే పెద్ద కాలవకైతే ఆలోచించవచ్చు. ఇంకుడు గుంతకైతే వద్దు, నలిగిన పిప్పి గుంతను పూడ్చేస్తుంది. సెప్టిక్ ట్యాంకుకైతే అది త్వరగా నిండుతుంది, తోడించే ఖర్చు పెరుగుతుంది. ఇద్దరున్న ఇంటికి అర హార్స్‌పవర్ మోటారు సరిపోతుంది. నలుగురైదుగురు తినే ఇంటికి, అందులోనూ మన వంటకు, ముప్పావుకు తగ్గకూడదు. లోపలి భాగాలు స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి. చిన్నపిల్లలుంటే మూత బిగిస్తేనే తిరిగే రకం నయం. అబ్బాయి అమెరికా నుంచి సూట్‌కేసులో తెస్తానంటే వద్దనండి. అక్కడి మర 120 వోల్టులది, మన గోడలో ఉన్నది 230.

పెరడున్న ఇంటికి నన్నడిగితే రెండు గుంతలు తవ్వించమంటాను. ఒకటి నిండేలోపు రెండోదాంట్లో ఎరువు మాగుతుంది. రోజూ పైన కాస్త మట్టి, ఎండుటాకులు చల్లితే వాసన రాదు. టెంకలు, మునక్కాయ పిప్పి కూడా అందులో వేయొచ్చు.