ఊపిరి, నాడి, గురువాక్యం

నిరుడు కార్తీకమాసంలో మా ఇంటావిడకు పిత్తాశయంలో రాళ్ళు తీయవలసివచ్చి, ఒక వైద్యకళాశాలకు అనుబంధంగా ఉన్న ఆస్పత్రిలో చేర్చాము. ఆపరేషనుకు ముందురోజు సాయంకాలం మత్తు డాక్టర్ల విభాగం నుంచి ఒక పీజీ విద్యార్థిని వచ్చింది. ఆమె వెంట ఇంకా చిన్నవాళ్ళు ఇద్దరు. నోరు తెరిపించి చూసింది, మెడ వెనక్కు వంచమన్నది, నాడి చూసింది, ఊపిరి గట్టిగా పీల్చి వదలమన్నది. చూసినదంతా ఆ ఇద్దరికీ విప్పిచెప్పింది. వాళ్ళు గడప దాటగానే మా ఆవిడ నా వంక తిరిగి, "ఏమండీ, చదువుకునే పిల్లల చేతుల్లో పెడుతున్నారా నన్ను?" అన్నది.

ముప్పైయేళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాడిని, ఆ ప్రశ్నకు మాత్రం చప్పున జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి వరండాలో బల్లమీద కూర్చుని ఉండగా, వైద్యమూ బోధనా పరిశోధనా ఒకే కప్పుకింద నడిచిన మన హైదరాబాదు కథ ఒకటి మనసులో మెదిలింది. మిత్రులతో పంచుకోదగినదని ఈ టపా వ్రాస్తున్నాను.

హైదరాబాదులో పాశ్చాత్య వైద్యవిద్యాలయం 1846లో, నిజాం నాసిరుద్దౌలా కాలంలో, ఆంగ్ల వైద్యుడు మెక్లీన్ ఆధ్వర్యంలో మొదలయింది. భాషోపాధ్యాయుడిగా నన్ను ఆకర్షించిన సంగతి ఏమంటే, అక్కడ తొలినాళ్ళలో బోధన అంతా ఉర్దూలోనే జరిగింది. పట్టం పుచ్చుకున్నవారిని హకీములనేవారు. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి 1866లో వెలసింది. 1885లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జను రెసిడెన్సీ వైద్యుడిగా వచ్చి, విద్యాలయం బాధ్యత కూడా వహించాడు. ఆ సంవత్సరమే కొందరు స్త్రీలు కూడా ఆ విద్యాలయంలో చేరారు. వారిలో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ. హకీం పట్టం పొంది, క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరిగా ఆమె పేరు నిలిచింది. ఆడపిల్లకు అక్షరాలు నేర్పడమే వింతగా తోచిన రోజులు గదా అవి!

లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే మహా శస్త్రవైద్యుని శిష్యుడు. 1847 నవంబరులో జేమ్స్ సింప్సన్ క్లోరోఫామును వాడుకలోకి తెచ్చింది కూడా ఆ ఊళ్ళోనే. అయితే మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి, నిమిషాల్లో కన్నుమూసింది. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న వైద్యలోకాన్ని అరవైయేళ్ళకు పైగా పీడించింది. గుండె ఆగి పోతున్నారనీ, నాడి మీద చెయ్యి తీయరాదనీ లండను వారి పక్షం. ముందు ఆగేది ఊపిరే, నాడి సంగతి వదిలి శ్వాసను గమనించమని సైమ్ బోధ. లారీ దానిని గురుమంత్రంగా స్వీకరించాడు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో వేలాది రోగులకు ఆ పద్ధతిలోనే క్లోరోఫాం ఇప్పించాడు. విద్యార్థులకు కూడా అదే పాఠం చెప్పాడు: రోగి ఊపిరి మీదనే కన్నూ చెవీ ఉంచండి, నాడిని పట్టించుకోకండి అని.

నమ్మకంతో సరిపెట్టుకోకపోవడం లారీ గొప్పతనం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ అండతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషనును ఏర్పరచి, 141 కుక్కల మీద పరీక్షలు జరిపించాడు. శ్వాసే ముందు ఆగుతున్నదని తేలింది. లండనులోని 'లాన్సెట్' పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాం, మీ ప్రతినిధిని పంపండి, ఖర్చు నాది అని వెయ్యి పౌన్లు ఇవ్వజూపాడు. ఆ పత్రిక పక్షాన 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన వైద్యశాస్త్రజ్ఞుడు హైదరాబాదు వచ్చాడు. గుండెకే ప్రమాదమన్న నమ్మకంతో వచ్చినవాడు ఆయన. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు – నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగాయి. ఎన్నింటికో రక్తపుపోటును గీతలుగా నమోదు చేశారు. చివరకు బ్రంటనే అభిప్రాయం మార్చుకుని, ఊపిరాడకపోవడమూ మోతాదు మించడమూ తప్ప గుండెకు నేరుగా ప్రమాదం లేదని లండనుకు తంతి పంపాడు. ఆ మూగజీవుల సంఖ్య చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అయినా, మన ఊరి ఆస్పత్రి లేవనెత్తిన ప్రశ్నకు జవాబు వెతకడానికి లండను వాళ్ళు ఇంత దూరం రావడం చిన్న విషయం కాదు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. ముగియలేదు.

1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు పరిశోధకులు, క్లోరోఫాం గుండెను నేరుగా బలహీనపరుస్తుందని చూపారు. లారీ ఒప్పుకోలేదు. పిదప 1911లో గుడ్‌మన్ లెవీ అసలు కిటుకు పట్టుకున్నాడు. తేలికపాటి మత్తులో ఉన్న పిల్లులకు ఎడ్రినలిన్ ఎక్కిస్తే, గుండె లయ తప్పి వణికి ఉన్నట్టుండి ఆగిపోతున్నది. ఎడ్రినలిన్ అంటే మనం భయపడినప్పుడు మన శరీరంలో తనంతట తాను పొంగే ద్రవ్యమే. చిన్నపాటి ఆపరేషనుకు బెదురుతూ వచ్చిన రోగి, మత్తు పూర్తిగా ఎక్కకముందే పోవడానికి కారణం ఇందులో దొరికింది. లారీ చూసినదీ అబద్ధం కాదు. మోతాదు మించినప్పుడు సాధారణంగా ముందు ఆగేది ఊపిరే. కాని ఆయన ఒక ద్వారం గుండా చూసి, ఇల్లంతా చూశాననుకున్నాడు.

ఇది వ్రాస్తుంటే నాకు నా తరగతిగది గుర్తుకు వస్తున్నది. త్రిలింగ శబ్దం నుంచే 'తెలుగు' పుట్టిందని మా గురువుగారు చెప్పారు. నేను ఏళ్ళ తరబడి పిల్లలకు అదే చెప్పాను. సుమారు 1995లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, ముందు జనం పిలుచుకున్న పేరు ఉంటే, దానికే తరువాత సంస్కృతపు తొడుగు వేసి ఉండకూడదా?" అని అడిగింది. "గురువులు చెప్పిన మాట. కూర్చో" అన్నాను. ఆ అమ్మాయి కూర్చున్నది, మళ్ళీ ఆ సంవత్సరమంతా ప్రశ్న అడగలేదు. ఆమె అన్న దిక్కుకే మొగ్గిన భాషావేత్తలు పలువురున్నారని నేను చదువుకున్నది చాలా ఆలస్యంగా. నా గురుభక్తి వల్ల ఒక ప్రశ్న చచ్చింది. వైద్యంలో అయితే, చచ్చేది ప్రశ్న ఒక్కటే కాదు.

అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో కూలిపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. తరువాత అక్కడ లేచిన ఉస్మానియా ఆస్పత్రి భవనం 1925 నాటికి పూర్తయింది. 2020 జూలైలో వాననీరు వార్డుల్లోకి రావడంతో ఆ పాత భవనంలోని రోగులను తరలించవలసి వచ్చింది. భవనాలు పోతాయి, వస్తాయి. నిలవవలసినది పాఠం, ఆ పాఠాన్ని దిద్దుకునే అలవాటు.

ఆపరేషను నాటి ఉదయం, స్ట్రెచర్ పక్కన నిలబడిన చిన్న విద్యార్థి ఒకడు మానిటరు మీది గీతను చూపించి ఏదో అడిగాడు. ముందురోజు వచ్చిన పీజీ అమ్మాయి ఒక క్షణం ఆలోచించి, "నాకూ సరిగ్గా తెలియదు. మేడమ్‌ని అడిగి చెబుతాను" అన్నది. రోగి ముందే, రోగి భర్త ముందే అన్నది. మా ఆవిడ కంగారుపడింది గాని, నాకు మాత్రం అప్పుడే ధైర్యం వచ్చింది.

ఆ మానిటరు సంగతి తరువాత ఆ అమ్మాయే ఓపికగా వివరించింది. వేలికి తగిలించిన చిన్న క్లిప్పు నాడినీ రక్తంలోని ప్రాణవాయువునూ చూపుతుందట. గొట్టం గుండా వెలువడే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును ఇంకొక గీత చూపుతుందట. గుండె లయకు వేరొక గీత. అంటే లండను పక్షమూ హైదరాబాదు పక్షమూ ఇప్పుడు ఒకే తెర మీద పక్కపక్కన నడుస్తున్నాయన్నమాట.

మా ఆవిడ మూడోరోజున ఇంటికి వచ్చింది. ఆమె ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. చదువుకునే పిల్లల చేతుల్లోనే పెట్టాను, వెనుక వాళ్ళ గురువులున్నారు, తెలియనిదాన్ని తెలియదనే నోరు వాళ్ళకున్నది. ఆ రెండోది నా తరగతిలో నేను ఉండనివ్వలేదు. ఆనాడు ప్రశ్న అడిగిన అమ్మాయికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎప్పుడైనా ఎదురుపడితే, నీవే ఒప్పు కావచ్చునమ్మా అని చెప్పాలని ఉన్నది.