సరౌండ్ సౌండ్ ఫార్మాట్లు (హోమ్ థియేటర్ రిసీవర్)

రెండుకు మించిన ఛానెళ్లలో నమోదైన ధ్వనిని ఇంట్లో శ్రోత చుట్టూ అమర్చిన స్పీకర్లకు పంచే పద్ధతులను సరౌండ్ సౌండ్ ఫార్మాట్లు అంటారు. ఈ పంపకం చేసేది ఏవీ రిసీవర్. దాని డిస్‌ప్లే మీద వెలిగే పేర్లన్నీ ఒకే జాతివి కావు. 5.1, 7.1, 5.1.2 అనేవి స్పీకర్ల అమరికను చెబుతాయి. డాల్బీ డిజిటల్, డీటీఎస్, ట్రూహెచ్‌డీ ధ్వనిని కుదించి మోసుకొచ్చే కోడెక్‌లు. ప్రో లాజిక్ 2, న్యూరల్:ఎక్స్ వంటివి వచ్చిన ధ్వనిని మరిన్ని స్పీకర్లకు విస్తరించే ప్రాసెసింగ్‌లు. వాడుకలో మూడింటినీ ఫార్మాట్ అనే అంటున్నారు. రిసీవర్ కొన్నవారికి వచ్చే సందేహాల్లో చాలావరకు ఈ కలగాపులగం నుంచి వచ్చినవే.

అమరిక, దాని పుట్టుక

సినిమా హాల్లో బహుళ ఛానెళ్ల ధ్వనికి డిస్నీ 'ఫాంటేసియా' (1940) కోసం తయారైన ఫాంటాసౌండ్‌ను తొలి మెట్టుగా చెబుతారు. 5.1 ఎప్పుడు పుట్టిందన్న విషయంలో మాత్రం కథనాలు కలవవు. 'సూపర్‌మ్యాన్' (1978) 70 ఎంఎం ప్రింట్లలో కొన్నిటికి సరౌండ్‌ను ఎడమ, కుడిగా విడదీశారని ఒక వాదన. తెర వెనుక మూడు ఛానెళ్లు, విడివిడి సరౌండ్లు, ప్రత్యేకమైన లో-బాస్ కలిపి పూర్తి రూపంలో వాడింది 'అపోకలిప్స్ నౌ' (1979) అని మరో వాదన. 5.1 అన్న పేరును 1987లో టామ్లిన్సన్ హోల్మన్ ప్రతిపాదించినట్టు ఎక్కువ మంది రాస్తారు. అమరికకు 1979ని, పేరుకు 1987ని తీసుకోవడం సబబుగా ఉంటుంది.

తెలుగు ప్రేక్షకుడికి ఈ అనుభవం మొదట 70 ఎంఎం హాళ్లలోనే దొరికింది. కృష్ణ నిర్మించి దర్శకత్వం వహించిన 'సింహాసనం' (1986) తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం. భారతదేశంలో తొలి డాల్బీ చిత్రంగా '1942: ఎ లవ్ స్టోరీ' (1994), తమిళ 'కురుదిప్పునల్' (1995) రెండు పేర్లూ వినిపిస్తాయి. విడుదల వరుస చూస్తే మొదటిదానికే బలం ఎక్కువ.

5.1లో చివరి అంకె ఎల్ఎఫ్ఈ (లో-ఫ్రీక్వెన్సీ ఎఫెక్ట్స్) ఛానెల్. ఇది సుమారు 120 హెర్ట్జ్ దాకా మాత్రమే మోస్తుంది. దీన్నీ సబ్ వూఫర్‌నూ ఒకటే అనుకోవడం పొరపాటు. రిసీవర్‌లో చిన్న స్పీకర్లను 'స్మాల్' అని పెట్టి, క్రాసోవర్‌ను ఎక్కువగా వాడే 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే, మిగతా ఛానెళ్ల బాస్ కూడా సబ్ వూఫర్‌కే చేరుతుంది. అందుకే ఎల్ఎఫ్ఈ ఊసే లేని రెండు ఛానెళ్ల పాట పెట్టినా సబ్ వూఫర్ మోగుతుంది. ఐటీయూ సిఫారసు బీఎస్.775 ప్రకారం సరౌండ్ స్పీకర్లు ఎదుటి మధ్య గీతకు 100 నుంచి 120 డిగ్రీల్లో, అంటే శ్రోత పక్కన కాస్త వెనక్కి ఉండాలి. మన ఇళ్లలో వాటిని సోఫా వెనక గోడ మూలల్లో బిగించడం పరిపాటి. అలా చేస్తే పక్కల ధ్వని బోసిపోతుంది.

మ్యాట్రిక్స్ పద్ధతి

డిజిటల్‌కు ముందు నాలుగు ఛానెళ్లను రెండింటిలో ఇమిడ్చేవారు. 1970ల మధ్య వచ్చిన డాల్బీ స్టీరియోకు 'స్టార్ వార్స్' (1977) ఊపు తెచ్చింది. ఇంటికి వచ్చిన రూపమే డాల్బీ సరౌండ్ (1982). మధ్య స్పీకర్‌కు వేరే ఔట్‌పుట్ ఇచ్చి, దిశలను చురుగ్గా పట్టుకునే ప్రో లాజిక్ 1987లో వచ్చింది.

దీని కిటుకు సులువైనది. ఎడమ, కుడి ఛానెళ్లలో సమానంగా ఉన్న ధ్వని, ఉదాహరణకు సంభాషణ, మధ్య స్పీకర్‌కు వెళుతుంది. రెండింటిలో ఎదురు ఫేజ్‌లో ఉన్నది వెనక్కి వెళుతుంది. ఆ సరౌండ్ మోనోనే, 7 కిలోహెర్ట్జ్ దాటేది కాదు. మ్యాట్రిక్స్ కోసం మిక్స్ చేయని పాత స్టీరియో పాటను ప్రో లాజిక్‌లో పెట్టి వినండి. గాయని గొంతు మధ్యలో నిలబడుతుంది, కోరస్‌కు వేసిన ఎకో, తీగవాద్యాల పరచుకుపోయే ధ్వని వెనక నుంచి వినిపిస్తాయి. అక్కడ ఎవరూ వాటిని ఉంచలేదు. డీకోడర్ ఫేజ్ తేడాను చూసి పంపింది, అంతే. జిమ్ ఫాస్‌గేట్ రూపొందించిన ప్రో లాజిక్ 2 (2000) సరౌండ్‌ను స్టీరియోగా, పూర్తి ఫ్రీక్వెన్సీతో ఇచ్చి ఈ పద్ధతికి మరో పదేళ్ల ఆయుష్షు పోసింది.

2014లో డాల్బీ తన కొత్త అప్‌మిక్సర్‌కు మళ్లీ డాల్బీ సరౌండ్ అనే పేరే పెట్టింది. పాత రిసీవర్ మీద ఆ మాట కనిపిస్తే 1980ల మ్యాట్రిక్స్ అని, కొత్తదాని మీద కనిపిస్తే పై స్పీకర్లనూ నింపే విస్తరణ అని అర్థం. కొనుగోలుదారును ఇంతగా తికమకపెట్టిన నిర్ణయం ఈ రంగంలో మరొకటి లేదు.

డాల్బీ డిజిటల్, డీటీఎస్

డాల్బీ డిజిటల్ 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్' (1992)తో, డీటీఎస్ 'జురాసిక్ పార్క్' (1993)తో హాళ్లకు వచ్చాయి. హాళ్లలో డీటీఎస్ ధ్వని ఫిల్మ్ మీద ఉండేది కాదు. ఫిల్మ్ మీది టైమ్‌కోడ్‌ను అనుసరించి సీడీ-రామ్‌లు విడిగా నడిచేవి. డీవీడీలో డాల్బీ డిజిటల్ సెకనుకు 384 లేదా 448 కిలోబిట్లు, డీటీఎస్ 754 లేదా 1509 కిలోబిట్లు తీసుకునేవి. డీటీఎస్సే మెరుగన్న ప్రచారానికి ఈ అంకెలే మూలం.

ఆ తీర్పులో తరచూ మరిచిపోయేది డైలాగ్ నార్మలైజేషన్. డాల్బీ ట్రాక్‌లో సంభాషణ సగటు స్థాయి ఒక అంకెగా నమోదై ఉంటుంది. అది మైనస్ 27 అయితే డీకోడర్ మొత్తం ధ్వనిని మైనస్ 31కి సరిపోయేలా 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది. ట్రాక్ మొదలవగానే కొన్ని రిసీవర్ల మీద 'డయల్ నార్మ్' అని క్షణంపాటు మెరిసేది ఇదే. అప్పటి డీటీఎస్ ట్రాక్‌లలో సాధారణంగా ఈ తగ్గింపు ఉండదు కాబట్టి అదే వాల్యూమ్‌లో అవి గట్టిగా వినిపించాయి. గట్టిగా వినిపించేది చెవికి మెరుగనిపించడం సహజం. స్థాయిలు సరిచేసి పోలిస్తే తేడా చాలావరకు కరిగిపోతుందన్న వాదనే నమ్మదగినది.

నష్టరహిత కోడెక్‌లు

బ్లూ-రే (2006)తో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో వచ్చాయి. రెండూ మాస్టర్‌ను బిట్ తేడా లేకుండా తిరిగి ఇస్తాయి కాబట్టి నాణ్యతలో పోటీకి తావు లేదు, నిర్మాణంలోనే తేడా. డీటీఎస్-హెచ్‌డీలో మామూలు డీటీఎస్ కోర్ లోపలే ఉంటుంది. ట్రూహెచ్‌డీకి తోడుగా డిస్క్‌లో డాల్బీ డిజిటల్ ట్రాక్ ఉంటుంది. ఆప్టికల్ కేబుల్ ఈ బరువు మోయలేదు, హెచ్‌డీఎంఐ కావాలి. ఆప్టికల్ పెట్టిన ఇంట్లో డిస్క్ అట్ట మీద మాస్టర్ ఆడియో అని ఉన్నా డిస్‌ప్లే మీద వట్టి 'డీటీఎస్' అని రావడానికి కారణం ఇదే.

డాల్బీ అట్మాస్, దాని తర్వాత

అట్మాస్ (2012) 'బ్రేవ్'తో మొదలైంది. భారతదేశంలో అదే ఏడాది 'శివాజీ 3డీ'ని తొలి అట్మాస్ చిత్రంగా పేర్కొంటారు. తెలుగులో 'బాహుబలి 2' (2017) అట్మాస్‌లో వచ్చింది. అట్మాస్‌లో ధ్వనులు ఛానెళ్లకు కట్టుబడవు. హెలికాప్టర్ ఒక ఆబ్జెక్ట్, దాని స్థానం మెటాడేటాలో ఉంటుంది. ఏ స్పీకర్ ఎంత మోగాలో రిసీవర్ తన దగ్గరున్న అమరికను బట్టి లెక్క కడుతుంది. హాళ్లలో 128 ట్రాక్‌ల దాకా అవకాశం ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు వాటిని 12 నుంచి 16 గుంపులుగా కుదిస్తారు.

అట్మాస్ విడి కోడెక్ కాదు. డిస్క్‌లో ట్రూహెచ్‌డీ మీద, ఓటీటీలో డాల్బీ డిజిటల్ ప్లస్ మీద ఎక్కి వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 2019లో ప్రకటించిన గరిష్ఠ రేటు అట్మాస్‌కు 768 కిలోబిట్లు. ట్రూహెచ్‌డీ బ్లూ-రేలో 18 మెగాబిట్ల దాకా వెళ్లగలదు. డిస్‌ప్లే రెండు చోట్లా అట్మాస్ అనే అంటుంది. పోటీగా బెల్జియం నుంచి ఆరో-3డీ, 2015లో డీటీఎస్:ఎక్స్ వచ్చాయి. వీటిలో దొరికే సినిమాలు తక్కువ.

సీలింగ్‌కు స్పీకర్లు బిగించలేనివారికి పైకి చూసే స్పీకర్లు ఉన్నాయి. అవి ధ్వనిని సీలింగ్‌కు కొట్టి కిందికి తిప్పుతాయి. చదునైన కాంక్రీటు స్లాబు వీటికి బాగా నప్పుతుంది, వాలు పెంకుల కప్పు నప్పదు.

డిస్‌ప్లేను చదవడం

రిమోట్ మీద ఇన్ఫో లేదా స్టేటస్ బటన్ నొక్కితే చాలా రిసీవర్లు లోపలికి వచ్చిన సిగ్నల్‌నూ బయటికి పంపుతున్న ఛానెళ్లనూ విడిగా చూపిస్తాయి. ముందు చూడాల్సింది మొదటిదాన్ని. 'మల్టీ పీసీఎం' అని ఉంటే ప్లేయరే డీకోడ్ చేసి పంపుతోందని అర్థం. 5.1, 7.1కి దీనివల్ల నష్టం లేదు, అట్మాస్ మెటాడేటా మాత్రం సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. ప్లేయర్ సెట్టింగుల్లో బిట్‌స్ట్రీమ్ ఎంచుకుని, సెకండరీ ఆడియో మిక్స్‌ను ఆపితే అట్మాస్ వెలుగుతుంది. టీవీ యాప్‌ల నుంచి రిసీవర్‌కు వచ్చే ధ్వనికి ఏఆర్‌సీ (2009) దారి డాల్బీ డిజిటల్ ప్లస్ దాకా చాలు, ట్రూహెచ్‌డీకి ఈఏఆర్‌సీ (2017) ఉండాలి. కొన్ని టీవీలు డీటీఎస్‌ను అసలు ముందుకు పంపవు. అలాంటప్పుడు ప్లేయర్‌ను టీవీకి కాక నేరుగా రిసీవర్‌కు కలపాలి.