తంతి ఆఫీసు నుంచి వైఫై దాకా: ఎనిమిదితో భాగించండి

ఎపిసోడ్‌లో లెక్క గబగబా చెప్పేశాను. అంకెలు చెవికి పట్టవు కదా, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

నేనుండేది యాంగాన్‌లో, సూలే పగోడా ఉన్న చౌక్తడా పేటలో. గదికి నడిచే దూరంలో, పాన్సొడాన్ వీధిలో, పాత సెంట్రల్ టెలిగ్రాఫ్ ఆఫీసు ఉంది. 1910ల్లో తెల్లవాళ్లు కట్టిన బిల్డింగ్. అప్పట్లో మనవాళ్లు ఈ ఊరిని రంగం అనేవారు. కాకినాడ, విశాఖ వైపు నుంచి ఓడలెక్కి వచ్చి రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. ఇంటికి మామూలు కబురైతే ఉత్తరం. తంతి మాత్రం ప్రాణం మీదికొస్తేనే, ఎందుకంటే మాటకింత అని డబ్బు కట్టాలి. ఊళ్లో తంతి వచ్చిందంటే చదవకముందే ఏడుపు మొదలయ్యేది.

ఈ సంగతి నాకు ఎందుకు పట్టిందో చెప్తా. మా సైట్‌లో శ్రీకాకుళం కుర్రాడొకడు ఉన్నాడు. వాళ్ల నాన్నమ్మకి బాగోలేదు. ఆవిడ మాట్లాడిన వీడియో ఇంటివాళ్లు డ్రైవ్‌లో పెట్టి లింకు పంపారు. ఫైలు 600 ఎంబీ. లైను 10 ఎంబీపీఎస్. "అన్నా, ఎంతసేపు పడుతుంది?" అన్నాడు. "600ని 10తో భాగించు, అరవై సెకన్లు. నిమిషంరా. చూసి కాల్ చెయ్యి" అన్నాను. టీ బ్రేక్ అయిపోయింది, సగం కూడా దిగలేదు. కాంక్రీట్ పంపు మొదలైంది, వాడిని పనిలోకి పిలిచింది నేనే. సాయంత్రం కాల్ చేసేసరికి ఆవిడకి స్పృహ లేదు.

తప్పు లైనుది కాదు, నా లెక్కది. ఆ తప్పుకి మూలం తంతి రోజుల్లోనే ఉంది.

తీగ మీద పోయేది అక్షరం కాదు, కరెంటు దెబ్బ. 1874లో ఫ్రాన్సులో ఎమిల్ బోడో ఒక్కో అక్షరాన్ని ఐదు దెబ్బలుగా పంపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సెకనుకి ఎన్ని దెబ్బలో చెప్పే కొలతకి ఆయన పేరు మీదే బాడ్ అని పేరొచ్చింది. 1948లో క్లాడ్ షానన్ తన వ్యాసంలో బిట్ అనే మాట వాడాడు, ఆ మాట జాన్ ట్యూకీ ఇచ్చిందని కూడా రాశాడు. అలా తీగవాళ్లు వేగాన్ని బిట్లలోనే లెక్కపెడుతూ వచ్చారు.

కంప్యూటర్‌వాళ్లకి కావలసింది దెబ్బ కాదు, అక్షరం దాచుకునే గది. 1956లో ఐబీఎంలో వెర్నర్ బుకోల్జ్ దానికి బైట్ అని పేరు పెట్టాడు. 1964లో వచ్చిన ఐబీఎం సిస్టమ్ 360 తర్వాత బైట్ అంటే ఎనిమిది బిట్లు అని స్థిరపడింది.

అంటే ఒకరు తట్టల్లో కొలుస్తున్నారు, ఇంకొకరు బళ్లలో. ఎనిమిది తట్టలైతే ఒక బండి. ఇంగ్లీషులో చిన్న బి అంటే బిట్, పెద్ద బి అంటే బైట్. ప్యాకేజీ మీద రాసేది చిన్న బి, ఫైలు మీద ఉండేది పెద్ద బి.

ఇప్పుడు లెక్క: 10 ఎంబీపీఎస్‌ని 8తో భాగిస్తే సెకనుకి 1.25 ఎంబీ. 600 ఎంబీకి 480 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలు. అదీ లైను పూర్తిగా మనదే అయితే. ఒకే వైఫైకి పదిమంది వేలాడితే ఇంకా ఎక్కువ.

అలాగని ఈ లైనుని తక్కువ చేయకండి. నిమిషానికి 25 మాటలు కొట్టే తంతి మనిషిని తీసుకోండి. మాటకి ఖాళీతో కలిపి ఆరు అక్షరాలు, అక్షరానికి బోడో లెక్కన ఐదు బిట్లు వేసుకుంటే సెకనుకి 12.5 బిట్లు. మన 10 ఎంబీపీఎస్ అంటే అలాంటివాళ్లు ఎనిమిది లక్షల మంది ఒకేసారి కొట్టినట్టు.

మన దేశంలో తంతి సర్వీసు 2013 జులైలో ఆగిపోయింది. ఇక్కడ ఆ మరుసటి ఏడే 1,500 చాట్‌లకి సిమ్ కార్డులొచ్చాయి. కొలతలు మారాయి గానీ ఇంటి కబురు కోసం ఎదురుచూడటం మారలేదు.

ఆ రోజు నేను కుర్రాడితో చెప్పాల్సిన మాట వేరే. ఫైలు దిగేదాకా ఆగక్కర్లేదు, కాల్ అప్పటికప్పుడే కలుస్తుంది. ముందు కాల్ చెయ్యండి, వీడియో రాత్రికి చూసుకోవచ్చు.