వెల్‌కమ్ ఒక్క మాటనా, రెండు మాటలా? మేడారం తొవ్వలో పలకరింపుల చరిత్ర

పోస్టు జర పెద్దగనే ఉంటది. తీరిక చూసుకొని చదవండి, కానీ చివరిదాకా చదవండి.

వరంగల్ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం పోయే తొవ్వ మనందరికీ ఎరికే. రెండేండ్లకోసారి మాఘమాసంలో జాతర వస్తే ఆ రోడ్డు పొడుగూతా తోరణాలు, ఫ్లెక్సీలు లేస్తయి. తెలుగులో 'స్వాగతం', దాని కింద ఇంగ్లిష్‌లో 'వెల్‌కమ్'. ఆ ఇంగ్లిష్ మాటను జాగ్రత్తగా చూస్తే ఒక బోర్డు మీద ఒక్క మాటగా ఉంటది, ఇంకో దాని మీద 'వెల్' ఒక పక్క, 'కమ్' ఒక పక్క, మధ్యలో ఫొటో. మరో చోట 'ఎల్' అక్షరం రెండుసార్లు పడుతది. ఏది కరెక్టు? ఎందుకు కరెక్టు? మనలో చానామంది ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటివాళ్ళం. ఇంట్లో అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. బయట అడుగుదామంటే నవ్వుతరేమోనని భయం. అందుకే ఆ మాటల పుట్టుక నుంచే చూద్దాం.

ముందు మన దగ్గరి నుంచే మొదలుపెడదాం. మేడారం జాతర నాలుగు రోజులూ ఒక రకంగా ఎదుర్కోవడం, సాగనంపడం. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు కూడా చేరుకుంటరు. రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని కుంకుమ భరిణె రూపంలో పూజారులు తీసుకొస్తరు. అప్పుడు పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి వందనం చేస్తరు, భక్తులు ఎదురుకోళ్ళు ఇస్తరు. మూడో రోజు మొక్కులు. నాలుగో రోజు తల్లుల వనప్రవేశం.

'ఎదురుకోళ్ళు' అనే మాటనే చూడండి. ఎదురు, కోళ్ళు రెండూ వేరే మాటలు. కలిపి రాస్తే తల్లికి చేసే ఒక స్వాగతం పేరు అయింది. విడదీసి 'ఎదురు కోళ్ళు' అని రాస్తే, ఏవో కోళ్ళు మనకు ఎదురొచ్చినట్టు అనిపిస్తది. అంటే రెండు మాటలు కలిసి కొత్త అర్థం పుడితే ఒక్కటిగా రాస్తం. ఎవరి అర్థం వాళ్ళకు ఉంటే విడిగా రాస్తం. ఇంగ్లిష్ పలకరింపుల్లో కూడా దాదాపు ఇదే లెక్క నడుస్తది.

ఇప్పుడు 'వెల్‌కమ్'. చూస్తే వెల్ అంటే బాగా, కమ్ అంటే రా అనిపిస్తది. అసలు పుట్టుక అది కాదు. పాత ఇంగ్లిష్‌లో 'విల్‌కుమా' అనే మాట ఉండేది. 'విల్' అంటే ఇష్టం, 'కుమా' అంటే వచ్చినవాడు. మొత్తంగా 'ఇష్టమైన చుట్టం' అని అర్థం. అంటే మొదట అది పిలుపు కాదు, వచ్చిన మనిషికి పెట్టిన పేరు. కాలం గడిచినకొద్దీ ఆ 'విల్' ఏందో జనం మర్చిపోయిన్రు. వినడానికి దగ్గరగా ఉన్న 'వెల్' అనుకున్నరు. ఫ్రెంచి వాళ్ళు 'బాగా వచ్చినవ్' అనే అర్థంలో వాడే మాట కూడా పక్కనే ఉండటంతో ఆ అనుకోవడం గట్టిపడింది. కానీ స్పెల్లింగ్‌లో మాత్రం ఒకటే 'ఎల్' మిగిలింది. డబ్ల్యూ, ఇ, ఎల్, సి, ఓ, ఎం, ఇ. ఒక్క మాట, ఒక్క ఎల్.

కాబట్టి మన పెయింటర్ అన్న బోర్డు మీద రెండు ఎల్‌లు పెట్టినప్పుడు ఏం చేసిండు? వందల ఏండ్ల కింద ఇంగ్లిష్ మాట్లాడేటోళ్ళు మనసులో ఎట్ల విడదీసుకున్నరో అట్లనే విడదీసిండు. అంతే. ఇంకో ముచ్చట, మన 'స్వాగతం'లో నిజంగానే 'సు' అంటే మంచిగా, 'ఆగతం' అంటే రావడం ఉన్నయి. దానికి ముందు మళ్ళీ ఇంకో 'సు' చేర్చి 'సుస్వాగతం' అని రాస్తున్నం. అంటే మంచి రెండుసార్లు. దాన్ని చూసి ఎవరూ నవ్వరు.

తర్వాత 'గుడ్‌బై'. ఇది కూడా ఒక్క మాటే. దీని వెనుక 'గాడ్ బి విత్ యే', అంటే 'దేవుడు నీకు తోడుండుగాక' అనే పూర్తి వాక్యం ఉంది. 16వ శతాబ్దంలో జనం గబగబా అంటూ అంటూ దాన్ని నలిపి చిన్నది చేసిన్రు. గేబ్రియల్ హార్వే అనే ఆయన 1573 ప్రాంతంలో రాసిన ఉత్తరంలో ఆ నలిగిన రూపం కనిపిస్తది. 'గుడ్ డే', 'గుడ్ నైట్' అప్పటికే వాడుకలో ఉండటంతో 'గాడ్' కాస్తా 'గుడ్' అయింది. తర్వాత చాలా కాలం దాన్ని మధ్యలో గీత పెట్టి కూడా రాసిన్రు. ఇప్పుడు గీత పోయింది.

మన నోట్లో కూడా ఇదే జరిగింది. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు 'పోతున్న' అంటే పెద్దలు ఊకోరు, 'పోయొస్త అనాలె' అంటరు. పోయి, వస్త అనే రెండు మాటలు కలిసి ఒక్కటైనయి. జాతర అయిపోయినంక గద్దెల దగ్గర తల్లికి దండం పెట్టి 'పోయొస్తం తల్లీ' అంటం. మళ్ళీ రెండేండ్లకు వస్తమనే మాట దాంట్లోనే ఉంది. ఇంగ్లిష్ వాళ్ళ వీడ్కోలులో దేవుడు దాక్కున్నడు, మన వీడ్కోలులో తిరిగి రావడం దాక్కుంది.

'గుడ్ మార్నింగ్', 'గుడ్ ఆఫ్టర్‌నూన్', 'గుడ్ ఈవెనింగ్' మాత్రం రెండేసి మాటలు. ఇక్కడ గుడ్ అంటే మంచి, మార్నింగ్ అంటే పొద్దు, ఎవరి అర్థం వాళ్ళకే ఉంది. నీకు మంచి పొద్దు కావాలని కోరడం. ఒక చిన్న పరీక్ష గుర్తు పెట్టుకోండి. ముందు 'వెరీ' చేర్చి చూడండి. 'వెరీ గుడ్ మార్నింగ్' అంటరు, అర్థం అవుతది. 'వెరీ గుడ్‌బై' అని ఎవరూ అనరు. వెరీ పట్టిందంటే గుడ్ ఇంకా సొంతంగా బతికి ఉందన్నట్టు, విడిగా రాయాలె. తెలుగులో మనం 'శుభోదయం' అని కలిపి రాస్తం, ఎందుకంటే శుభ, ఉదయం మధ్య సంధి పడింది. అది చూసి ఇంగ్లిష్‌ది కూడా కలపొద్దు.

'గుడ్ నైట్' కొంచెం తిరకాసు. పడుకునే ముందు చెప్పేటప్పుడు రెండు మాటలుగా రాయడం మేలు. కానీ వేరే మాటకు ముందు విశేషణంగా వస్తే కలిపి రాసుడు కూడా ఉంది. 'థాంక్ యూ' ఎప్పుడూ రెండు మాటలే, ఎందుకంటే అది 'ఐ థాంక్ యూ' అనే వాక్యంలోంచి 'ఐ' ఊడిపోగా మిగిలింది. 'హ్యాపీ బర్త్‌డే'లో హ్యాపీ వేరు, బర్త్‌డే మాత్రం ఒక్కటి.

'హలో' ముచ్చట ఇంకా కొత్తది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్, ఫోన్ ఎత్తగానే 'అహాయ్' అనాలన్నడు. అది ఓడ మీది వాళ్ళ కేక. థామస్ ఎడిసన్ 1877 ఆగస్టులో రాసిన ఒక ఉత్తరంలో 'హలో' అనే మాట చాలని చెప్పిండు. ఆ మాట అంతకుముందే ఉన్నా, ఫోన్‌తోనే ప్రపంచమంతా తిరిగింది. ఇయ్యాల సిగ్నల్ దొరకని గూడెంలో చెట్టెక్కి ఫోన్ మాట్లాడే మనిషి కూడా హలో అనే అంటడు.

మరి ఈ ఒకటి, రెండు ఎవరు తేల్చిన్రు? ఏ దేవుడూ చెప్పలే. విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చు యంత్రం పెట్టేదాకా రాసేటోళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసిన్రు. అచ్చు వేసేటోళ్ళు మెల్లగా ఒక పద్ధతికి వచ్చిన్రు. 1755లో శామ్యూల్ జాన్సన్, 1828లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ నిఘంటువులు తెచ్చిన్రు. ఇప్పుడు ఒక్క మాటగా రాసే 'టుడే'ను కూడా 20వ శతాబ్దం మొదట్లో మధ్యలో గీతతో రాసేవాళ్ళు. మన తాటాకుల మీదైతే మాటల మధ్య జాగానే ఉండేది కాదు, అన్నీ కలిపి రాసుకుంటూ పోయిన్రు. అంటే స్పెల్లింగ్ అనేది పుస్తకాలు, బళ్ళు, ఆఫీసులు చేతిలో ఉన్నోళ్ళు కుదుర్చుకున్న ఒప్పందం. అది తెలియడం తెలివికి కొలత కాదు.

అట్లని నేర్చుకోవద్దని అంటలేం. ఆఫీసరుకు పెట్టే అర్జీలో, ఇంటర్వ్యూ మెయిల్‌లో ఆ ఒప్పందం ప్రకారం రాయాల్సిందే. పైన చెప్పినవి పది మాటలు కూడా లేవు, ఒక్క పూటలో వచ్చేస్తయి. ఒక ఎల్ ఎక్కువైందని ఎవరో నవ్వితే ఇంగ్లిష్ రాయడమే మానేసిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన హాస్టళ్ళల్ల ఉన్నరు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది. ఎల్‌ను దిద్దుకోవచ్చు, ఆగిపోయిన చెయ్యిని మళ్ళీ కదిలించడం కష్టం.

ఇంకో పని కూడా మన ముందుంది. మేడారంలో సమ్మక్క సారలమ్మ అంటం. ములుగుకు 2023 చట్టంతో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం పేరులో సమ్మక్క సారక్క అని ఉంది. జనం నోట్లో రెండూ ఉన్నయి, కాగితం మీద ఏది పడాలో రాసే చెయ్యి తేలుస్తది. గోండి భాషకు మసరాం లిపి 2017లో, గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లో చేరినయి. గోండికి దగ్గర చుట్టమైన మన కోయను ఎక్కువగా తెలుగు అక్షరాలతోనే రాసుకుంటున్నం. కోయ పలకరింపుల్లో ఏ మాట కలపాలె, ఏది విడదీయాలె అనేది రాసుకుంటూ పోతేనే కుదురుతది. ఆ పని కోయ మాట్లాడేటోళ్ళే చెయ్యాలె, వేరేవాళ్ళు వచ్చి చేసిపెట్టరు.

కాబట్టి ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చేద్దాం. ఇంటికొచ్చిన చుట్టాన్ని, బయలుదేరే మనిషిని మన తాతలు, అవ్వలు ఏ మాటతో పలకరిస్తరో వాళ్ళు అన్నది అన్నట్టే రాసుకొద్దాం. ఊరి పేరు కూడా పక్కన రాయండి, ఎందుకంటే ఊరు మారితే మాట మారుతది. వచ్చినవన్నీ ఇక్కడే ఒక్క దగ్గర పెడదాం.

ఉంటం మరి, పోయొస్తం.